రంగు పెన్సిళ్ళు

మన ఇళ్ళలో ఎవరైనా పోయినప్పుడు మొట్టమొదట జరిగే పని ఏమిటో ఎప్పుడైనా గమనించారా? పురోహితుడికి కబురు పంపడం కాదు. బంధువులకి ఫోన్లు చెయ్యడమూ కాదు. అంతకంటె ముందు, ఎవరో ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి చుట్టూ ఓసారి చూసి, "ఈ పిల్లల్ని పక్కింటికి పంపించెయ్యండమ్మా" అంటుంది.

1991లో, రోహిణీకార్తె ఎండల్లో, మా నాన్నగారు పోయిన రోజున మమ్మల్ని అల్లాగే పంపించారు. నాకు పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడు. నాన్నగారు బాపట్లలో హైస్కూల్లో లెక్కల మాస్టారు. భోజనాలయ్యాక సైకిలు వేసుకుని బజారుకి వెళ్ళారు. గంట తరవాత నలుగురు మనుషులు రిక్షాలో ఇంటికి తీసుకొచ్చారు. అప్పుడు నేను వసారాలో చాపమీద నిద్రపోతున్నాను. ఆయన ఆ ఎండలో ఎందుకు వెళ్ళారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పక్కింటావిడ మంచి మనిషి. చెరో గ్లాసుడు పాలూ, ఒక బిస్కెట్ పొట్లమూ ఇచ్చి, పొట్లం అయిపోయేదాకా కదలొద్దంది. గోడకవతల మా అమ్మ ఏడుపు వినిపిస్తూనే ఉంది. తమ్ముడు బిస్కెట్లను నేలమీద వరసగా పేర్చి లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు, ఒక్కటీ తినలేదు. సాయంత్రానికి వాణ్ణొక్కణ్ణీ వెనక్కి పిలిచారు. చూస్తే బెదిరిపోతాడని పక్కింటికి పంపిన పిల్లవాడిచేతనే తలకొరివి పెట్టించారు. చూడ్డానికి చిన్నవాడూ, చెయ్యడానికి పెద్దవాడూ అయ్యాడన్నమాట. తడి పంచె కాళ్ళకి అడ్డంపడుతుంటే, బాబయ్య వాడి రెక్క పట్టుకుని నడిపించడం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

క్లాసులో నచికేతుడి కథ చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఆ బిస్కెట్ పొట్లం జ్ఞాపకం వస్తుంది. ఆ కుర్రవాడు సాక్షాత్తూ యముడి గుమ్మంలో కూచుని, "చనిపోయాక మనిషి ఉంటాడా, ఉండడా?" అని అడిగాడు. యముడంతటివాడు కూడా తప్పించుకోవాలనే చూశాడు. ఏనుగులిస్తానన్నాడు, గుర్రాలిస్తానన్నాడు, బంగారమిస్తానన్నాడు, ఆ ఒక్కటీ అడగొద్దన్నాడు. మా వీధిలో ఏనుగులు లేవు గనక బిస్కెట్లిచ్చారు. తేడా అంతే. కాకపోతే నచికేతుడు పట్టు విడవలేదు, మేము విడిచేశాం.

మన పద్ధతులన్నీ చెడ్డవని నేననను. ఆ పన్నెండురోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగించే అవసరం లేకుండా వీధివాళ్ళే చూశారు. పరామర్శకి వచ్చినవాళ్ళు అమ్మ పక్కన కూచుని ఏడ్చారు, ఏడిపించారు. భర్త పోయిన ఇల్లాలిని ఒంటరిగా వదలకూడదన్న ఇంగితం మనవాళ్ళకి ఉంది. పిల్లల సంగతే ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్ళు కూడా ఒక్క మాటే అన్నారు. నాతో, "నువ్వు పెద్దదానివి, తమ్ముడి ముందు ఏడవకు." తమ్ముడితో, "నువ్వు మగవాడివి, అమ్మముందు ఏడవకు." అమ్మతో, "పిల్లలముందు కన్నీళ్ళు పెట్టకు తల్లీ, బెంగపడతారు." ముగ్గురమూ బుద్ధిమంతులమే. ముగ్గురమూ ఆ మాట నిలబెట్టాం. పదమూడో రోజునుంచి మా ఇంట్లో నాన్నగారి మాట ఎత్తినవాళ్ళు లేరు. ఆయన ఫొటోకి దండ మాత్రం తప్పకుండా మారేది.

నన్ను నిజంగా ఓదార్చిన మనిషి ఒకతె ఉంది. మా బెంచీలోనే కూచునేది. సూర్యలంక వైపు పల్లెనుంచి నడిచి వచ్చేది. అంతకు ముందటి సంవత్సరం, 1990 మేలో కృష్ణాతీరాన్ని ఊడ్చిపెట్టిన తుపానులో వాళ్ళ నాన్న పోయాడు. బడి తెరిచిన రోజున మధ్యాహ్నం నన్ను బావి వెనక్కి తీసుకెళ్ళింది. ఏం చెబుతుందో అనుకున్నాను. "మీ నాన్న చొక్కా ఒకటి దాచుకో. ఉతకనియ్యకు. ఉతికితే వాసన పోద్ది" అంది. అంతే. తరవాత ఇద్దరం వెళ్ళి చేతులు కడుక్కుని అన్నం తిన్నాం.

నాతో ఆ నెలంతా ఎందరు పెద్దలు ఎంత వేదాంతం చెప్పారో! ఆత్మకి చావులేదన్నారు, అంతా రుణానుబంధమన్నారు. ఒక్క ముక్క మిగల్లేదు. ఈ పిల్ల మాట మిగిలింది. ఎంచేతంటే అది తనకి అనుభవంలోకి వచ్చిన పని. తాను దాచుకోలేకపోయింది కాబోలు, నన్ను దాచుకోమంది. సాయంత్రం పరుగున ఇంటికెళ్ళి చూద్దును గదా, బట్టలన్నీ అప్పటికే ఎవరికో ఇచ్చేశారు. మేకుకి ఒక తువ్వాలు మాత్రం వేలాడుతోంది. అదే దాచుకున్నాను.

ఇదంతా పాతికేళ్ళపాటు నాలోనే ఉండిపోయింది. బయటికి తీసింది మా మేనకోడలు.

తమ్ముడు చదువుకుని, ఉద్యోగరీత్యా అమెరికా వెళ్ళి, ఆరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లండ్ పక్కనున్న హిల్స్‌బరోలో స్థిరపడ్డాడు. అక్కడ కంప్యూటర్ చిప్పుల కర్మాగారాలు ఉండడంచేత మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. 2016లో మా మరదలు కాన్సరుతో పోయింది. పిల్లకి ఎనిమిదేళ్ళు. అమ్మ వెళ్ళి ఆర్నెల్లుండి, వీసా గడువు అయిపోయి వెనక్కి వచ్చేసింది. ఆ తరవాత ఒక రాత్రి తమ్ముడు నాకు ఫోను చేశాడు.

"అక్కా, దీని బళ్ళో కౌన్సెలరు ఒక చోటు చెప్పింది. తల్లో తండ్రో పోయిన పిల్లలు అక్కడ కలుసుకుంటారట. తీసుకెళ్ళమంటావా?"

"కలుసుకుని ఏం చేస్తారురా?"

"ఆడుకుంటారట. మాట్లాడుకుంటారట."

చెప్పొద్దూ, నాకు ఆ ఆలోచన రుచించలేదు. ఒక ఏడ్చే పిల్ల దగ్గరికి పదిమంది ఏడ్చే పిల్లల్ని చేర్చడమేమిటి? ఉన్న దుఃఖం చాలదా? అమ్మ అయితే ఇంకా గట్టిగానే అంది: "ఇంటి బాధ వీధిలో పెట్టడం మనకెందుకు? పిల్లకి మరపు రావాలిగానీ!" వాడు మా ఇద్దరి మాటా వినలేదు. ఆ ఒక్కసారికి వినకపోవడమే మంచిదయింది.

2017 వేసవి సెలవలకి నేను వెళ్ళాను. అప్పటికి మేనకోడలు అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టి నాలుగైదు నెలలయింది. వెళ్ళిన మర్నాడే దాన్ని అడిగాను.

"అక్కడేం బావుంటుందే?"

అది కాస్సేపు ఆలోచించింది. "స్కూల్లో మా అమ్మ లేదంటే అందరూ 'ఐయాం సారీ' అంటారు అత్తా. ఆ తర్వాత నాతో మెల్లిగా మాట్లాడతారు, నాకు జ్వరమొచ్చినట్టు. అక్కడ అల్లా అనరు. 'మా నాన్న కూడా' అంటారు. తర్వాత బంతి ఇటు విసరమంటారు."

ఎం.ఏ. చదివి, ఇరవైయేళ్ళనుంచి కరుణరసం గురించి పాఠాలు చెబుతున్నదాన్ని. ఇంత తేటగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ చోటు పేరు డగీ సెంటర్. ఒక పిల్లవాడి పేరు. డగీ టర్నో అనే ఆ కుర్రవాడికి మెదడులో కంతి, ఆపరేషన్‌కి లొంగనిది. తొమ్మిదేళ్ళ వయస్సులో వాడు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టరుకి ఉత్తరం రాశాడు. మరణానికి దగ్గరగా ఉన్న రోగులతో మాట్లాడి, వాళ్ళ మాటల్నే 1969లో పుస్తకంగా వేసి లోకాన్ని కదిలించిన మనిషి ఆవిడ. బతుకంటే ఏమిటి, చావంటే ఏమిటి, చిన్నపిల్లలు ఎందుకు చనిపోవాలి అని వాడు అడిగాడు. నచికేతుడి ప్రశ్నే చూడండి! ఆవిడ ఏనుగులూ గుర్రాలూ ఇవ్వజూపలేదు. రంగురంగుల సిరాలతో బొమ్మలు వేసి, వాడికి అర్థమయ్యే మాటల్లో పెద్ద జవాబు రాసి పంపింది.

తరవాత వైద్యం కోసం డగీని పోర్ట్‌లండ్ తీసుకొచ్చారు. అక్కడ బెవర్లీ చాపెల్ అనే నర్సు వాణ్ణి దగ్గరగా చూసింది. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఆ మాటా ఈ మాటా చెప్పి చావు సంగతి దాటేస్తున్నారు. ఆస్పత్రిలో అల్లాంటి జబ్బులతోనే ఉన్న పిల్లలు మాత్రం, డగీ దగ్గర చేరి, ఏ దాపరికమూ లేకుండా తమ జబ్బులగురించి మాట్లాడుకుంటున్నారు. ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటున్నారు. 1981లో, పదమూడేళ్ళ వయస్సులో, డగీ చనిపోయాడు. ఆవిడ చూసినది మరిచిపోలేదు. జబ్బుపడ్డ పిల్లలు ఒకరికొకరు ఆసరా కాగలిగినప్పుడు, అయినవాళ్ళని పోగొట్టుకున్న పిల్లలు ఎందుకు కాలేరు అనుకుంది. 1982లో తన ఇంట్లోనే కొద్దిమంది పిల్లల్ని కూచోబెట్టి మొదలుపెట్టింది. దరిమిలా అది ఒక సంస్థ అయింది. ఆ నమూనా చూసి వందలాది చోట్ల ఇల్లాంటివి వెలిశాయి. 1995లో జపానులో కోబే భూకంపం వచ్చి వందలాది పిల్లలు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంటే, వాళ్ళకోసం అషినాగ అనే సంస్థ 1999లో ఒక ఇల్లు కట్టించింది. ఆ పిల్లల్లో ఒకడు ఇంద్రధనుస్సుని నల్లరంగుతో వేశాడట. అంచేత ఆ ఇంటికి ఇంద్రధనుస్సు ఇల్లని పేరు పెట్టారు.

మా మేనకోడలితో పాటు నేనూ వెళ్ళాను. హిల్స్‌బరోనుంచి ఊరు దాటి, విలామెట్ నది వంతెన దాటి, ఊరి ఆగ్నేయభాగానికి వెళ్ళాలి. ఆస్పత్రిలా ఉంటుందనుకున్నాను. ఇల్లులాగే ఉంది. అంతకు ముందున్న పాత ఇంటికి 2009లో ఎవరో దుర్మార్గుడు నిప్పంటిస్తే కాలిపోయిందట, మళ్ళీ కట్టుకున్నారు. పిల్లలు రాకముందు ఒకాయన నాకు గదులు చూపించాడు. బొమ్మలు వేసుకునే గది, వాయిద్యాల గది, ఇసకతో ఆడుకునే చోటు. ఒక గదికి గోడలకీ నేలకీ కూడా మెత్తటి పరుపులు కుట్టారు. దాన్ని అగ్నిపర్వతం గది అంటారు. కోపం వచ్చిన పిల్లలు అందులోకి వెళ్ళి అరవొచ్చు, తన్నొచ్చు, దిండ్లు విసరొచ్చు, దెబ్బ తగలదు. చనిపోయినవాళ్ళమీద పిల్లలకి కోపం కూడా వస్తుందన్న సంగతి ఒప్పుకుని దానికి ఒక గది కట్టినవాళ్ళని అక్కడే చూశాను. నేను నాన్నగారి మీద ఎంత కోపం తెచ్చుకున్నానో, దానికి ఎంత సిగ్గుపడ్డానో నాకు తెలుసు.

రెండువారాలకోసారి పిలుస్తారు. మూడేళ్ళ పిల్లలనుంచీ రావచ్చు. ఈడునిబట్టి జట్లు. జబ్బుతో పోయినవాళ్ళ పిల్లలు ఒక జట్టు; ఆత్మహత్య చేసుకున్నవాళ్ళ పిల్లలు వేరే జట్టు. ఎంచేతంటే వాళ్ళు బళ్ళో పడే అవమానం వేరు. మొదట అందరూ గుండ్రంగా కూచుని తన పేరు, పోయినవాళ్ళు ఎవరు, ఎల్లా పోయారు అన్నది చెబుతారు. చెప్పడం ఇష్టంలేకపోతే 'పాస్' అంటే చాలు, ఎవరూ బలవంతం చెయ్యరు. తరవాత ఆటలు. పెద్దవాళ్ళు ఒకరిద్దరు తోడుంటారుగానీ, తరిఫీదు పొందిన ఆ వాలంటీర్లు సలహాలివ్వరు, నీతులు చెప్పరు. పిల్ల అన్నదే తిరిగి పలికి ఊరుకుంటారు. రుసుం లేదు. ఎన్నాళ్ళు రావాలన్నది పిల్లలకే వదిలేస్తారు. చనిపోయినవాళ్ళని 'నిద్రపోయారు', 'దూరం వెళ్ళారు' అనరు. చనిపోయారనే అంటారు. నిద్రపోయారని చెబితే పిల్లలు రాత్రుళ్ళు కళ్ళు మూసుకోడానికి భయపడతారన్నది వాళ్ళ అనుభవం.

అదే సమయంలో తల్లినో తండ్రినో, తాతనో అమ్మమ్మనో, ఎవరు తీసుకొస్తే వాళ్ళని ఇంకో గదిలో కూచోబెడతారు. పిల్లలకి ఆసరా ఇచ్చి ఇంటికి పంపిస్తే, ఇంట్లో పెద్దది మౌనంగా ఉంటే లాభమేముంది? అంచేత ఇద్దరికీ ఒకేసారి. మా తమ్ముడు ఆ గదిలోకి వెళ్ళాడు. జట్టులో లేనివాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు గనక నేను బయట కుర్చీలో గంటన్నర కూచున్నాను. ఏడుపులు వినిపిస్తాయేమోనని చెవులు రిక్కించాను. నవ్వులు వినిపించాయి.

తిరుగుప్రయాణంలో మేనకోడలు వెనకసీట్లో నిద్రపోయింది. తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వంతెన దాటాక నేనే అడిగాను.

"మీ గదిలో ఏం మాట్లాడుకుంటారురా?"

"అక్కడ విన్నది బయట చెప్పకూడదక్కా. ఒట్టు. నేనన్నది మాత్రం చెప్పొచ్చు."

"ఏమన్నావు?"

"నాన్నని నేనే చంపానన్నాను."

కారు పోతూనే ఉంది. వాడి గొంతులో ఏ మార్పూ లేదు. రోడ్డుమీద చూపు తిప్పకుండా చెప్పుకుపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం వాడు రంగు పెన్సిళ్ళకోసం పేచీ పెట్టాడట. ఎదురింటి కుర్రవాడికి పన్నెండు రంగుల పెట్టె ఉంది. తనకీ ఇప్పుడే కావాలన్నాడు. ఎండ తగ్గాక తెస్తానన్నారట నాన్నగారు. వాడు నేలమీద పడి దొర్లాడు. "సరే, ఊరుకో" అని ఆయన సైకిలు తీశారు. ఆ ఎండలో వెళ్ళడంవల్లనే పోయారనీ, ఎండలో పంపింది తాననీ వాడు ఆ సాయంత్రమే తేల్చుకున్నాడు. పక్కింట్లో బిస్కెట్లు లెక్కపెడుతూ ఆలోచించింది అదే. తలకొరివి పెట్టింది ఆ మనస్సుతోనే. ఇరవయ్యారేళ్ళు ఎవరితోనూ చెప్పలేదు, పెళ్ళాంతో సహా.

"మరి ఇప్పుడెందుకు చెప్పావురా?"

"ఇదే చెప్పించింది." వెనకసీటుకేసి తల ఊపాడు. "క్రితం వారం రాత్రి వచ్చి, 'నాన్నా, అమ్మకి జుట్టు ఊడిపోయినప్పుడు నేను దగ్గరికి వెళ్ళలేదు గదా, అందుకా?' అని అడిగింది. అక్కడ పిల్లలంతా ఎవరికి వాళ్ళు తమవల్లే అనుకుంటారట. నాన్నని అడుగు అన్నారట. అది అడిగింది. నేను ఎవర్నీ అడగలేదు గదా!"

తరవాత చెప్పాడు: వాడు గదిలో ఆ మాట అన్నప్పుడు 'ఛ, ఛ, అల్లా అనుకోకూడదు' అని ఒక్కరూ అనలేదట. ఒకావిడ మాత్రం, అప్పుడు నీకెన్నేళ్ళని అడిగిందట. ఏడు అని పైకి అన్నాక, తొమ్మిదేళ్ళ కూతురు జ్ఞాపకం వచ్చిందట. తన కూతురికంటె రెండేళ్ళు చిన్నవాణ్ణి ఇన్నాళ్ళూ దోషిగా నిలబెట్టానా అనిపించిందట.

చిన్నపిల్లలు ఇల్లా అనుకోవడం సర్వసాధారణమట. పిల్లలకి లోకమంతా తమచుట్టూనే తిరుగుతుంది. వర్షం తమకోసమే వస్తుంది. చావు కూడా తమవల్లే వస్తుంది. పెద్దలం చెప్పకుండా వదిలిన ఖాళీని వాళ్ళు ఊహతో పూరిస్తారు. ఆ ఊహ ఎప్పుడూ నిజంకంటె క్రూరంగానే ఉంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కింట్లో వాడి పక్కనే కూచున్నదాన్ని నేను. తమ్ముడి ముందు ఏడవలేదు. ఎంత గొప్పగా మాట నిలబెట్టానో!

జూలైలో తిరిగివచ్చి అమ్మతో చెప్పాను. ఆవిడ దొండకాయలు తరుగుతోంది. చేతిలో చాకు కింద పెట్టింది.

"వాడా? పెన్సిళ్ళకోసమా?"

కొంతసేపు అల్లాగే కూచుంది. తరవాత నెమ్మదిగా అంది. "సంక్రాంతికే గుంటూరు డాక్టరుగారు చెప్పారే, ఆయనకి గుండె బొత్తిగా బాగాలేదని. మీతో చెప్పొద్దన్నారు ఆయన. పిల్లలు బెదిరిపోతారన్నారు. ఆ పూట వెళ్ళింది మందుబిళ్ళలకి. ముందురోజు రాత్రే అయిపోయాయి. పెన్సిళ్ళు దార్లో కొన్నారు."

"అమ్మా, ఈ మాట వాడితో ఎప్పుడైనా అన్నావా?"

"వాడు అడిగితే గదా! వాడు మరిచిపోయాడనుకున్నాను."

లేచి వెళ్ళి ఇనప్పెట్టెలోంచి, తన పట్టుచీరల అడుగునుంచి, ఒక అట్టపెట్టె తీసుకొచ్చింది. పన్నెండు రంగులు. ఒక్క పెన్సిలూ చెక్కలేదు. నాన్నగారి చేతిసంచీలో మందుబిళ్ళలతోపాటు దొరికిందట. "చూస్తే ఏడుస్తాడని దాచాను. తరవాత ఇద్దామనుకునేసరికి పెద్దవాడైపోయాడు" అంది.

ఆ రాత్రే వీడియోలో తమ్ముడితో మాట్లాడించాను. అమ్మ మందుబిళ్ళల సంగతి చెప్పింది. వాడు మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా అడిగాడు. ఆ తరవాత తల్లీ కొడుకూ, ఒకరు బాపట్లలోనూ ఒకరు హిల్స్‌బరోలోనూ, 1991లో ఏడవవలసిన ఏడుపు ఏడ్చారు. నేను మాత్రం లోపలికి వెళ్ళి నా బీరువాలోంచి తువ్వాలు తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాను. వాసన ఏనాడో పోయింది. అయినా ఆవిడ ముఖానికి ఆనించుకుంది.

ఇది చదివి, మన ఊళ్ళో కూడా పరుపుల గోడలతో అగ్నిపర్వతం గది కట్టమంటున్నానని అనుకోకండి. కడితే మంచిదే. కాని ముఖ్యమైనది గది కాదని నాకు 2021లో తెలిసింది. ఆ ఏడు కోవిడ్ రెండో విడతలో ఎన్ని ఇళ్ళు కూలాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న పిల్లలకి 23వ ఏట 10 లక్షల రూపాయలు అందే పథకాన్ని కేంద్రప్రభుత్వం మేలో ప్రకటించింది. మంచి పనే. డబ్బు లేకపోతే చదువు ఆగిపోతుంది. వానాకాలం చివర మా కాలేజీ తెరిచాక చూస్తే, నా క్లాసులోనే నలుగురు పిల్లలకి తండ్రి లేడు. వెనకబెంచీల్లో నాలుగు మూలలా కూచున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

నలుగుర్నీ స్టాఫ్‌రూముకి పిలిపించాను. పోర్ట్‌లండ్ చూసొచ్చిన దాన్ని గదా! గుండ్రంగా కూచోబెట్టి, దుఃఖాన్ని దాచుకోకూడదని పావుగంట ఉపన్యసించాను. తెలుగు లెక్చరర్లకి ఇదొక జబ్బు. నలుగురూ నేల చూస్తూ విన్నారు. చివర ఒకమ్మాయి, "ఇంక వెళ్ళొచ్చా మేడమ్?" అంది.

వారం పోయాక ఇంకో పని చేశాను. రెండేళ్ళుగా మూసి ఉన్న లైబ్రరీలో చెదలు పట్టిన పుస్తకాలు వేరుచెయ్యాలి. ఆ నలుగురికే ఆ పని అప్పజెప్పి, టీ డబ్బులిచ్చి, "మీ నలుగురికీ ఈ సంవత్సరమే నాన్నలు పోయారు. అందుకే మిమ్మల్ని ఏరాను. సాయంత్రం తాళం నాకివ్వండి" అని చెప్పి వచ్చేశాను. నాలుగైదు రోజులదాకా ఏమీ లేదు. ఆ తరవాత తాళం రావడం ఆలస్యమవడం మొదలయింది. ఒకనాడు ఆరయినా రాకపోతే వెళ్ళి కిటికీలోంచి చూశాను. పుస్తకాలు నేలమీద గుట్టలుగా ఉన్నాయి. ఒక కుర్రవాడు తన సెల్‌ఫోను మధ్యలో పెట్టి తండ్రి గొంతు వినిపిస్తున్నాడు: వాట్సాప్‌లో ఎప్పుడో పంపిన సందేశం కాబోలు, వచ్చేటప్పుడు పాలపాకెట్ తెమ్మని. 'ఇంక వెళ్ళొచ్చా' అన్న అమ్మాయే, "మళ్ళీ పెట్టు" అంది. నేను చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను. ఆ లైబ్రరీ సర్దడం మార్చిదాకా పూర్తికాలేదు. ప్రిన్సిపాలుగారు సంజాయిషీ అడిగితే, చెదలు ఎక్కువగా ఉన్నాయని చెప్పాను.

రంగు పెన్సిళ్ళ సంగతి మిగిలిపోయింది. 2017లోనే, అటు వెళ్ళే ఒకరిచేత ఆవకాయతోపాటు అమ్మ ఆ పెట్టె హిల్స్‌బరో పంపించింది. నిరుడు క్రిస్మస్ సెలవల్లో మేనకోడలు బాపట్ల వచ్చింది. ఇప్పుడు నాకంటె పొడుగు. సంచీలోంచి ఆ పెట్టె తీసి, "బామ్మా, ఇది నీ ఇనప్పెట్టెలోదే" అని చేతిలో పెట్టింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తొమ్మిది ఉన్నాయి.

"మిగతా మూడూ ఏవే?"

"నాన్నా నేనూ అరగదీశాం బామ్మా. పసుపుపచ్చది మాత్రం బొత్తిగా మంచిది కాదు. ఎన్నిసార్లు చెక్కినా మొన నిలవదు."

"షాపువాడు మోసం చేసుంటాడు" అంది అమ్మ. "మీ తాతకి బేరమాడ్డం వచ్చేది కాదు."